ఇంకని నేలలో వాన తోట: గోదావరి డెల్టాలో పనిచేసే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులకు సమగ్ర మార్గదర్శి

ప్లాను పాసవ్వాలంటే ఒక మూల ఇంకుడు గుంత గీయాలి. గీస్తాం, తవ్విస్తాం, కంకర పోయిస్తాం. అనంతపురంలో అయితే ఆ గుంత వాన కోసం ఎదురుచూస్తుంది. అమలాపురంలోనో భీమవరంలోనో ఆగస్టుకల్లా అదే గుంత అడుగు నుంచి ఊరిన నీళ్లతో నిండి ఉంటుంది. పైనుంచి పడే చినుక్కి అందులో చోటుండదు.

ఇంకుడు గుంత మెట్ట నేలకు తగిన మందు. ఇక్కడి కథ వేరు. ధవళేశ్వరం దగ్గర 1847-1852 మధ్య కాటన్ ఆనకట్ట లేచాక ఈ నేలకు కాలువలొచ్చాయి. సార్వాకీ (ఖరీఫ్), దాళ్వాకీ (రబీ) కాలువలు పారినన్నాళ్లూ, అంటే ఏడాదిలో చాలా నెలలు, భూమిలో నీరు పైపైనే ఉంటుంది. దానికి తోడు నేల బంకమట్టి. ఏటా సుమారు 1,100 మి.మీ. వాన పడుతుంది. అక్టోబరు, నవంబరు వాయుగుండాల్లో అయితే ఒక్క రోజులోనే 150-200 మి.మీ. కురిసే సందర్భాలుంటాయి. కాబట్టి డెల్టాలో డిజైనర్ పని నీటిని ఇంకించడం కాదు. కాసేపు ఆపాలి, వడకట్టాలి, డ్రెయిన్ తట్టుకోగలిగినంత నెమ్మదిగా వదలాలి. ఈ పని చేసే పల్లపు మొక్కల మడే వాన తోట. అందులో నాటే మొక్క అక్టోబరులో రెండు రోజులు నీట మునగాలి, మేలో బీటలిచ్చిన నేలలోనూ బతకాలి. ఈ రెండు పరీక్షలూ నెగ్గే మొక్కలు చాలావరకు మన చెరువు గట్ల మీదా, పంట బోదెల పక్కనా ఇప్పటికే ఉన్నాయి.

లెక్కలు చేతికి రావడానికి ఈ మార్గదర్శి పొడవునా ఒకే సైటును తీసుకుందాం. అది 10 సెంట్లు, అంటే సుమారు 405 చదరపు మీటర్లు. ఇంటి కప్పు 180, సిమెంటు చేసిన వాకిలి 90, మిగిలిన ఖాళీ నేల 135.

మొదటి అడుగు: పక్కనున్నది కాలువా, డ్రెయినా?

బయటి నుంచి వచ్చిన డిజైనర్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. సాగు కాలువ మెరక వెంట నడుస్తుంది, ఎందుకంటే అది రెండు వైపులా పొలాలకు నీరివ్వాలి. మురుగు డ్రెయిన్ పల్లం వెంట పోతుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, రెండింట్లోనూ గుర్రపు డెక్క ఉంటుంది. సైటు నీటిని కాలువలోకి వదలకూడదు. ఊళ్ల మంచినీటి చెరువులు నిండేది ఆ నీటితోనే. ఎటూ తేలకపోతే జలవనరుల శాఖ సెక్షన్ ఆఫీసులో కాలువల మ్యాపు చూడండి. డ్రెయిన్‌లోకి పైపు కలపాలంటే అనుమతి ఎలాగూ అక్కడో, మునిసిపాలిటీలోనో తీసుకోవాలి.

డ్రెయిన్ ఖాయమయ్యాక దగ్గర్లోని కల్వర్టు దగ్గరకు వెళ్లి గోడను చూడండి. కింద నల్లటి పాచి, దాని పైన ఎండిన ఒండ్రు గీత, ఆ పైన మామూలు సిమెంటు రంగు కనిపిస్తాయి. ఒండ్రు గీతే వానాకాలపు పై మట్టం. దాన్ని ట్యూబ్ లెవల్‌తో (మట్టం చూసే, నీరు నింపిన పారదర్శక గొట్టంతో) సైటుకు తెచ్చి ప్రహరీ గోడ మీద పెయింటుతో గుర్తు పెట్టించండి. మీ బయటి పైపు అడుగు ఈ గుర్తుకు పైన ఉండాలి. కింద ఉంటే వాన రోజున నీరు డ్రెయిన్‌లోకి పోదు, డ్రెయినే తోటలోకి వస్తుంది. పక్క వీధి మురుగూ దానితోపాటే వస్తుంది.

రోడ్డు మట్టం కూడా ఇప్పుడే రాసుకోండి. వేసిన ప్రతిసారీ రోడ్డు కొంత పైకి లేస్తుంది. అయిదేళ్ల తర్వాత గేటు ఏ ఎత్తులో ఉంటుందో ఇంటివారు అడగరు, మీరే ఆలోచించాలి.

రెండో అడుగు: నేలను సరైన నెలలో పరీక్షించండి

ఎండాకాలంలో చేసిన ఇంకు పరీక్షను నమ్మవద్దు. మేలో కాలువలు కట్టేసి ఉంటాయి, నల్లరేగడి చెయ్యి పట్టేంత బీటలిచ్చి ఉంటుంది. గుంతలో పోసిన నీరు ఆ బీటల్లోకి గబగబా జారిపోతుంది. కాగితం మీద గంటకు 60 మి.మీ. అని రాసుకుంటారు. తొలకరి వానలకు మట్టి ఉబ్బి బీటలు మూసుకున్నాక అదే నేల గంటకు 2-3 మి.మీ. కూడా పీల్చదు. పరీక్షకు తగిన నెలలు సెప్టెంబరు, అక్టోబరు. అప్పటిదాకా ఆగలేకపోతే, కనీసం పక్కింటి బావిలో దసరా రోజులకు నీరు ఎంత పైకి వస్తుందో అడిగి తెలుసుకోండి.

పరీక్ష ఇలా చేయాలి. 30 సెం.మీ. వెడల్పు, 60 సెం.మీ. లోతు గుంత తవ్వండి. పార నునుపు చేసిన గోడల్ని మేకుతో గీరండి, లేకపోతే ఆ నునుపే నీటిని ఆపేస్తుంది. సాయంత్రం నిండా నీరు పోసి వదిలేయండి. మర్నాడు పొద్దున 30 సెం.మీ. ఎత్తుకు మళ్లీ పోసి, అరగంటకోసారి స్కేలుతో కొలుస్తూ నాలుగు గంటలు చూడండి. పొద్దున వెళ్లేసరికి గుంతలో నీరు తగ్గకపోగా పెరిగి ఉంటే పరీక్ష అక్కడితో అయిపోయినట్లే. మీరు భూగర్భజలంలో నిలబడి ఉన్నారు.

మట్టి రకానికి సీసా పరీక్ష చాలు. సీసాలో మూడోవంతు మట్టి వేసి, మిగతా నీరు పోసి, చిటికెడు సబ్బుపొడి కలిపి అయిదు నిమిషాలు ఊపండి. నిమిషంలో అడుగుకు చేరేది ఇసుక. రెండు గంటల్లో దాని మీద పేరుకునేది ఒండ్రు. మర్నాటిదాకా నీటిని మసకగా ఉంచేది బంక. సముద్రానికి దగ్గరి మండలాల్లో, చేపల, రొయ్యల చెరువుల పక్కన ఉప్పు పరీక్ష కూడా చేయించండి. భూసార పరీక్షలో ఈసీ (నేలలో ఉప్పు ఎంతో చెప్పే విద్యుత్ వాహకత, డీఎస్/మీటరు) 4 దాటితే అది చౌడు నేల, మొక్కల జాబితా మార్చాలి.

మూడో అడుగు: మూడింట్లో ఏది?

ఇసుక మెరకలు. అంతర్వేది వైపు తీరం వెంట ఉన్న నేలల్లో గంటకు 25 మి.మీ. పైగా ఇంకుతుంది. అక్కడ ఇంకుడు గుంత వేయండి, తప్పకుండా వేయండి. కింద ఉప్పునీటి మీద తేలే మంచినీటి పొరకు అదే ఆధారం.

మెరక చేసిన సైటు. డెల్టా పట్టణాల్లో ఇల్లు కట్టేముందు స్థలాన్ని మట్టితో లేపడం మామూలే. భూగర్భజలం పై మట్టానికీ తోట అడుగుకూ మధ్య 60 సెం.మీ. దొరికితే, కింద గొట్టం పెట్టిన వడపోత తోట కుదురుతుంది. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం దాని గురించే.

పల్లపు సైటు. ఆ 60 సెం.మీ. దొరకకపోతే గొట్టాలతో కుస్తీ పట్టకండి. ఊరి చెరువునే చిన్నది చేసి మడుగు కట్టండి. 15-30 సెం.మీ. లోతు మెట్టు, మధ్యలో 60-80 సెం.మీ. గుంట, ఎక్కువైన నీరు పొర్లిపోవడానికి ఒక అలుగు, అంతే. నీరు ఎప్పుడూ ఉంటుంది కనుక దోమపిల్లల్ని తినే చేపలు కావాలి. గంబూసియా మాత్రం వదలకండి. అది అమెరికా చేప, మడుగు పొర్లితే డ్రెయిన్ పట్టుకుని పోయి మన చిన్న చేపల్ని బతకనివ్వదు. ఊరి చెరువులో దొరికే పరిగెలు చాలు.

మెరక చేసే సైటుకు డ్రాయింగ్ ఇచ్చే ముందే ఒక మాట చెప్పండి: తోట చోటు వదిలేసి మిగతాది నింపమని. మట్టి టిప్పర్లు వచ్చి వెళ్లాక నింపిన చోటే మళ్లీ మీటరు లోతు తవ్వించడమంటే ఇంటివారి డబ్బు రెండుసార్లు ఖర్చు పెట్టించడమే. ఆర్కిటెక్టు కన్నా ముందు మట్టి కాంట్రాక్టరు సైటుకు వస్తాడు. మీరు అతనికన్నా ముందు రావాలి.

నాలుగో అడుగు: ఎంత నీరు, ఎంత తోట

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. ఈ ఒక్కటి గుర్తుంటే చాలు. మామూలు వానలో మొదటి 25 మి.మీ. పట్టుకోవడం మన లక్ష్యం. కప్పు మీద పెట్రోలు మసి, పిట్టరెట్ట, దుమ్ము, వాకిట్లో నూనె చుక్కలు ఎక్కువగా కొట్టుకొచ్చేది ఈ మొదటి నీటితోనే.

కప్పు నుంచి 180 × 25 × 0.9 = 4,050 లీటర్లు (చివరి అంకె, పడిన వానలో పారి వచ్చే వంతు). వాకిలి నుంచి 90 × 25 × 0.85, అంటే సుమారు 1,900. బంకనేల ఖాళీ స్థలం నుంచి 135 × 25 × 0.3, సుమారు 1,000. మొత్తం 7,000 లీటర్లకు దగ్గర.

సిమెంటు, కప్పు కలిపి 270 చదరపు మీటర్లు. అందులో 15 శాతం లెక్కన 40 చదరపు మీటర్ల తోట, అంటే 10 మీటర్లు × 4 మీటర్లు. నీరు నిలిచే లోతు 15 సెం.మీ. ఒడ్డు వాలు 1:3 పెడితే అడుగు 28 చదరపు మీటర్లకు తగ్గుతుంది. పైన నిలిచే నీరు సుమారు 5,100 లీటర్లు. కింద 45 సెం.మీ. మట్టి మిశ్రమం తన సందుల్లో 20 శాతం పట్టుకుంటే ఇంకో 2,500. మొత్తం 7,600, లక్ష్యానికి సరిపోయింది.

లోతు 15 నుంచి 30కి పెంచి తోట చిన్నది చేద్దామనే ఆశ పుడుతుంది. వద్దు. లోతు పెరిగితే నీరు 48 గంటల్లో దిగదు. దోమ గుడ్డు రెక్కల దోమగా మారడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి రెండు రోజుల గడువులో మీకు భరోసా ఉంటుంది. నాలుగైదు రోజులు నీరు నిలిచి, ఈలోగా మరో వాన పడితే ఆ భరోసా పోతుంది.

తుపాను రోజు 200 మి.మీ. పడితే కప్పు, వాకిలి నుంచే 54,000 లీటర్ల దాకా వస్తుంది. దాన్ని పట్టే తోట ఎవరూ కట్టలేరు. అందుకే అలుగు. గంటకు 100 మి.మీ. జోరు వానకు ఈ సైటు నుంచి సెకనుకు సుమారు 8 లీటర్లు వస్తుంది. 45 సెం.మీ. వెడల్పు అలుగు మీద నీరు 5 సెం.మీ. ఎత్తున పారితే అది దాటిపోతుంది. అలుగు పైన గట్టు ఇంకో 10 సెం.మీ. ఉండాలి.

అయిదో అడుగు: మట్టి పని

తవ్వకం ఫిబ్రవరి-మే మధ్య చేయించండి. తడి రేగడిలో జేసీబీ దిగితే అడుగు కుండలా అవుతుంది. బండి తోట బయటే నిలబడి చెయ్యి చాచి తవ్వాలి, పళ్లున్న బకెట్ వాడాలి. చివర్లో అడుగంతా పలుగుతో 10 సెం.మీ. కదిలించండి. ఇంటి పునాదికి కనీసం 3 మీటర్ల దూరం పాటించండి. నల్లరేగడి అయితే 5 మీటర్లు, దాంతోపాటు ఇంటివైపు గోడకు మందపాటి షీటు కూడా. రేగడి తడిసి ఉబ్బి, ఎండి కుంగితే పునాది దానితోపాటు ఆడుతుంది.

కింది నుంచి పైకి పొరలు: 20 ఎం.ఎం. కంకర 20 సెం.మీ. మందాన 5.6 ఘనపు మీటర్లు, 6-10 ఎం.ఎం. రాతి చిప్స్ 8 సెం.మీ. మందాన 2.3 ఘ.మీ., దాని మీద మిశ్రమం 45 సెం.మీ., 12.6 ఘ.మీ. ఎస్టిమేటులో 'గ్రావెల్' అనే మాట రాయకండి. మన దగ్గర గ్రావెల్ అంటే రోడ్డుకు పోసే ఎర్రమట్టి. కాంట్రాక్టరు దాన్నే నిజాయితీగా తెచ్చి పోస్తాడు, రెండు వానలకు గొట్టం మూసుకుపోతుంది. 'కడిగిన 20 ఎం.ఎం. కంకర' అని రాయండి.

మిశ్రమంలో గోదావరి ముతక ఇసుక 60 పాళ్లు, లంక భూముల ఒండ్రు మట్టి 20, బాగా మాగిన కంపోస్టు 20. కుంగుతుంది కనుక 15 శాతం అదనంగా తెప్పించండి. సైటులో తవ్విన రేగడిని 'కొంచెం కలిపేద్దాం సార్' అని మేస్త్రి అంటాడు. ఆ కొంచెమే ఇసుక సందులన్నీ పూడ్చేస్తుంది. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది. కోనసీమలో చవగ్గా దొరికే కొబ్బరి పొట్టు కంపోస్టుకు బదులవుతుంది కానీ, కడిగి కుళ్లబెట్టినదే వాడాలి. పచ్చిది మొక్కకు అందాల్సిన నత్రజనిని తినేస్తుంది. కొబ్బరి డొక్కల్ని పైన పరిస్తే అందంగా ఉంటుంది, తొలి పెద్ద వానకు తేలి వెళ్లి అలుగును మూసేస్తుంది. ఒడ్డు వాలు మీద కొబ్బరి పీచు వల మేకులతో దిగ్గొట్టండి, వేళ్లు పట్టేదాకా మట్టిని అదే కాస్తుంది.

నీరు తోటలోకి దిగే చోట 60 × 60 సెం.మీ. ఇటుక తొట్టి కట్టి, 30 సెం.మీ. లోతు ఉంచండి. ఇసుక, ఆకులు అందులో ఆగుతాయి. దాని ముందు పిడికెడంత రాళ్లు పరచండి.

అలుగు మట్టం మీరే దగ్గరుండి చూడాలి. రెండు సెంటీమీటర్లు దిగినా 800 లీటర్ల నిల్వ పోతుంది. ట్యూబ్ లెవల్‌లో బుడగ ఉంటే కొలత తప్పుతుంది. గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, బుడగ పోయేదాకా తట్టించండి.

ఆరో అడుగు: కింది గొట్టం, వంపు, మూత

కంకర పొరలో 110 ఎం.ఎం. పీవీసీ గొట్టానికి 8 ఎం.ఎం. రంధ్రాలు వేసి, మీటరుకు 5 మి.మీ. వాలుతో పరచండి. దానికి బట్ట చుట్టకండి. ఒండ్రు ఆ బట్ట మీదే పేరుకుని మూసేస్తుంది. వడకట్టే పని పైనున్న చిప్స్ పొరది. ఎగువ కొసన నిలువు గొట్టం లేపి మూత పెట్టండి. అడ్డుపడినప్పుడు నీటి పైపు దోపి కడగడానికి అదే దారి.

బయటికి పోయే కొస దగ్గర చిన్న చాంబరు కట్టి, గొట్టానికి ఎల్బో (వంపు ముక్క) తగిలించి పైకి తిప్పండి. కంకర పొర పైఅంచు ఎత్తుకు దాని మూతి రావాలి. అప్పుడు కంకరలో సుమారు 2,200 లీటర్లు నిలిచి, వానల మధ్య వేళ్లకు అందుతాయి. ఎల్బోకు గమ్ము పూయవద్దు. చేత్తో తిప్పగలిగేలా రబ్బరు రింగు జాయింటు ఉండాలి. చాంబరు తర్వాత డ్రెయిన్ వైపు నాన్‌రిటర్న్ ఫ్లాప్ (నీరు వెనక్కి రాకుండా ఆపే మూత) పెట్టండి. అది చవక వస్తువే అయినా ఒక్క ప్లాస్టిక్ కవరు ఇరుక్కుంటే తెరుచుకునే ఉండిపోతుంది. అందుకే ముందు పైపు మట్టం సరిగా ఉండాలి, ఫ్లాప్ రెండో కాపలా మాత్రమే.

ఏడో అడుగు: మొక్కలు

కడియం, కడియపులంక నర్సరీల్లో దొరకని అలంకార మొక్క లేదు. బోదె గట్టున దానంతటదే మొలిచే మొక్కను మాత్రం ఎవరూ పెంచి అమ్మరు. జులైలో నాటాలంటే జనవరిలోనే ఆర్డరిచ్చి పెంచమనండి. ఆర్డరు మీద తెలుగు పేరుతోపాటు శాస్త్రనామం కూడా రాయండి. చిన్న మొక్కలకు ఊరికో పేరుంటుంది.

అడుగున, నీరు నిలిచే చోట: నీరుబ్రాహ్మి, అంటే బకోపా మొన్నియేరి. సరస్వతి ఆకు, సెంటెల్లా ఏసియాటికా. బొక్కెనాకు, ఫైలా నోడిఫ్లోరా. ఈ మూడూ పాకి నేలను కప్పేస్తాయి. మేలో తడి తగ్గితే బ్రాహ్మి వెనక్కి తగ్గుతుంది, బొక్కెనాకు ఆ చోటులోకి పాకుతుంది. ఒకే రకం నాటిన తోట మేలో బట్టతలైపోయేది ఇందుకే. ఎత్తుకు చాపలల్లే తుంగను గుత్తులుగా పెట్టండి. తుంగ అనగానే వరి రైతు నవ్వుతాడు, అందులో తప్పులేదు. పొలంలో అతన్ని వేధించే సైపరస్ రోటండస్ వేరు, దాన్ని గడప దాటనివ్వకండి. 28 చదరపు మీటర్లకు 30 సెం.మీ. దూరంలో చదరపు మీటరుకు 11 చొప్పున 308 మొక్కలు. చచ్చేవి పోగా సరిపోవాలంటే 340 తెప్పించండి.

ఒడ్డున వట్టివేరు. తోట చుట్టుకొలత 28 మీటర్లు, 15 సెం.మీ.కు ఒక కుదురు, కుదురుకు మూడు పిలకలు, మొత్తం 560 పిలకలు. మునిగినా, ఎండినా బతుకుతుంది, గట్టును కుట్టినట్టు పట్టుకుంటుంది. దాని వెనక మెరక మీద వావిలి.

చెట్లను గొట్టం మీద నాటకండి. తోట అంచుకు బయట, తడి అందే దూరంలో కణపచెట్టు, బారింగ్టోనియా ఆక్యుటాంగులా. వారాల తరబడి నీళ్లలో నిలబడగలదు. ఎర్రటి పూలజడలు రాత్రి విచ్చుకుని తెల్లవారేసరికి నీటి మీద రాలి తివాచీలా పరుచుకుంటాయి. 10 సెంట్ల ఇంటికి ఇదే మొదటి ఎంపిక. కానుగ కూడా మంచిదే. ఏరుమద్ది ఏటి గట్ల చెట్టు, పేరులోనే ఏరుంది, కానీ 20 మీటర్లు దాటుతుంది. దాన్ని పార్కులకు, కాలేజీలకు ఉంచండి. నేరేడు కారు నిలిపే చోట వద్దు. చౌడు నేలల్లో గంగరావి, పొన్న, నేలకు వంగరెడ్డికూర పెట్టండి.

జమ్ము, రెల్లు రెండూ మనవే, అయినా చిన్న తోటకు పనికిరావు. రెండేళ్లలో మిగతా అన్నిటినీ మింగేస్తాయి. గుర్రపు డెక్క, లొట్టపీసు, సర్కారు తుమ్మ సంగతి చెప్పనక్కర్లేదు. కోనోకార్పస్‌ను ఇంటివారే అడుగుతారు, పచ్చగా త్వరగా లేస్తుందని. సోమాలియా, యెమెన్ వైపు మొక్క అది, నీరు దొరికిన చోటికి వేళ్లు తోసుకుపోతుంది. మీరు రంధ్రాలు వేసి పరచిన గొట్టం దానికి పెళ్లి విందు. మెట్టతామర కూడా బయటిదే, కానీ మొండితనం చేయదు. పూలు కావాలని ఇంటావిడ పట్టుబడితే ఓ పది దుంపలకు ఒప్పుకోవచ్చు.

ఎనిమిదో అడుగు: నాటడం, మొదటి ఏడాది

జూన్ చివర, జులై మొదట్లో నాటండి. నర్సరీ సంచిలోని మట్టి తరచూ బంకగా ఉంటుంది. అలాగే దింపితే ఇసుక మిశ్రమంలో అది కుండీలాగే మిగిలిపోతుంది, వేరు బయటికి రాదు. బకెట్టు నీళ్లలో ముంచి సగం మట్టి వదిలించి నాటండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు కప్పు నీటిని తోటలోకి రానివ్వకండి, కప్పు నుంచి దిగే పైపును పక్కకు మళ్లించండి. పిల్ల మొక్క మీద కప్పు నీరు ధారగా పడితే వేరుతో సహా లేచిపోతుంది. సెప్టెంబరులో దారి తెరిస్తే, నవంబరు తుపాన్లకు తోట కాస్త నిలదొక్కుకుని ఉంటుంది. కోనసీమ కొబ్బరి తోటల్ని నేలకూల్చిన 1996 తుపాను వచ్చింది నవంబరు 6న. ఆ నెలను దృష్టిలో పెట్టుకుని కొత్త చెట్లకు మూడు వైపులా ఊతకర్రలు కట్టండి.

మొదటి మేలో వారానికి రెండుసార్లు తడి ఇవ్వాలి. రెండో మేలో పదిరోజులకోసారి. ఆ తర్వాత మానేసి చూడండి.

నిర్వహణలో తొట్టి ఎత్తిపోయడమే పెద్ద పని. వానాకాలంలో నెలకోసారి, మిగతా రోజుల్లో మూడు నెలలకోసారి. వయ్యారిభామ కంపోస్టుతోనే వస్తుంది, పూత రాకముందు పీకాలి. వాన వెలిసిన 48 గంటలకూ నీరు నిలిచి ఉంటే ముందు ఎల్బో, ఫ్లాప్ చూడండి. అవి బాగుంటే పై 5 సెం.మీ. పొర గీకి కొత్త ఇసుక మిశ్రమం వేయండి. మొత్తం తవ్వాల్సిన అవసరం అరుదు.

ఇల్లు అప్పగించే రోజున చాంబరు మూత తీసి, ఎల్బోను ఇంటివారి చేతే ఒకసారి తిప్పించండి. తుపాను హెచ్చరిక రాగానే, డ్రెయిన్ ఇంకా పొంగకముందే ఆ మూతిని కిందికి తిప్పితే కంకరలో నిలిచిన నీరు పోయి చోటు ఖాళీ అవుతుంది. వాన వెలిశాక మళ్లీ పైకి తిప్పాలి. తిప్పడం మరిచిపోతే తోట మేదాకా ఆగదు, సంక్రాంతికే వాడుతుంది. చాంబరు మూత లోపలివైపు బాణం గుర్తుతో 'తుపానుకు కిందికి, తర్వాత పైకి' అని పెయింటుతో రాయించండి.